పెద్దబావి నాడి

"వచ్చె... నాలుగు!" అని దావీదు పైకి కేకేశాడు. కేక బావి గోడలకు తగిలి, మెట్టుమెట్టుకూ ఎక్కి గట్టు మీదికి పోయింది. పైన సున్నపురాయి ముక్కతో బండ మీద గీరిన చప్పుడు. షావుకారు గీత గీశాడన్నమాట. మళ్లీ అంతా నిమ్మళం. ఆఖరి మెట్టు మీద, మోకాళ్ల దాకా నీళ్లలో కాళ్లు జారవిడిచి కూర్చున్న దావీదు ప్రాణమంతా చూపుడువేలికి చుట్టిన దారం మీదనే ఉంది. దారం నిటారుగా నీళ్లలోకి దిగి పచ్చటి చీకట్లో కలిసిపోయింది. దాని అడుగు కొసన, రెండు నిలువుల లోతున, రాతి నెర్రె ఎదుట రావి ఆకంత ఇత్తడి రేకు వేలాడుతోంది. నెర్రెలో నుంచి ఊట ఉరికి వచ్చినప్పుడు రేకు వెనక్కి పోతుంది, దారం కిందికి గుంజుతుంది, దారానికి కట్టిన ఎర్రపూస పక్కనున్న వెదురుబద్ద మీది గాట్ల వెంబడి దిగుతుంది. ఎన్నో గాటు దాకా దిగితే ఆ అంకె కేకేయాలి. ఊట అలసినప్పుడు పూస మళ్లీ పైకి. ఇది ఒకే తీరుగా పారే ఊట కాదు. ఊపిరి తీసినట్టు వస్తుంది, కాసేపు నిలుస్తుంది, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఊటపల్లి కింద నేలంతా సున్నపురాయి. లోపల ఎక్కడో తొర్ర ఉండి ఉంటుంది, అది నిండితే ఒలుకుతుంది, ఒలికితే ఖాళీ అవుతుంది, మళ్లీ నిండేదాకా ఆగాలి. ఇది పుస్తకంలో చదువుకున్న ముచ్చట. ఊరివాళ్ల ముచ్చట వేరే: గంగమ్మ చేపుతుంది, దూడ వస్తే ఆవు చేపినట్టు. అందులోనూ తప్పేమీ లేదనుకున్నాడు దావీదు. చేపడమే ఇది. కాకపోతే ఈ ఎండాకాలం గంగమ్మ సరిగా చేపడం లేదు, దానికి కారణం గూడెం అని ఊరు తేల్చుకుంది.

గూడేనికి ఉన్నది ఒక్క చెలమ. ఊరికి ఎగువన, ముళ్లపొదల పక్కన, మనిషి మునిగేంత గుంత. ఈస్టరు ముందర దాన్ని లాజరు చిన్నాయన ఇంకొంత లోతు తవ్వాడు. ఆ తర్వాతనే పెద్దబావిలో నీళ్లు మెట్టు తర్వాత మెట్టు దిగిపోయాయి. ముందొకటి జరిగి తర్వాత ఇంకొకటి జరిగితే మొదటిదే రెండోదానికి కారణం. పంచాయితీలో అందరూ అదే అన్నారు. చెలమలో రాళ్లు పోసి పూడ్చాలని షావుకారు తమ్ముడు నర్సింగరావు అన్నాడు. గూడెపోళ్లు దూరంగా నేల మీద కూర్చుని వింటున్నారు. సెలవులకని మద్రాసు నుంచి బెజవాడ దాకా రైల్లో, అక్కడి నుంచి కోదాడ దాకా బస్సులో, కోదాడ నుంచి కాలినడకన వచ్చిన దావీదు ఆ దూరపు వరసలో అమ్మ పక్కనే కూర్చున్నాడు. తెల్లచొక్కా మీద దుమ్ము ఇంకా దులుపుకోలేదు. నోట్లో నుంచి మాట ఎట్లా వచ్చిందో అతనికే తెలియదు. "కొలిసి సూద్దం షావుకారూ" అన్నాడు. జనం నవ్వారు. షావుకారు నవ్వలేదు. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలే మనిషి, కాంటా మీద పెట్టకుండా పిడికెడు గింజ కొనని మనిషి, కొలుద్దామంటే వద్దని ఏ నోటితో అంటాడు? మీసం దువ్వుకుని, "నీళ్లను ఎట్ల కొలుస్తవ్?" అని అడిగాడు. అడిగాడంటేనే సగం ఒప్పుకున్నట్టు.

"వచ్చె... నాలుగు!"

పైన గీత. ఆ గీత చెలమలో చేదుతున్నప్పటిదో, ఆపినప్పటిదో దావీదుకు తెలియదు. తెలియకూడదని తనే పట్టుబట్టాడు. షావుకారు కండువా దించితే ఎగువన చిన్నాయన, అమ్మ, మరియమ్మ చిన్నమ్మ కుండ మీద కుండ చేదుతారు. కండువా ఎత్తితే ఆపుతారు. అంకెకు తగ్గ పొడుగున గీతలు, రెండు వరసలు: చేదినప్పుడు ఒకటి, ఆపినప్పుడు ఇంకొకటి. బావిలో ఉన్న తనకు ఏదీ కనపడదు. తెలిస్తే కన్ను పూసను తనకు కావాల్సిన గాటు దగ్గరికే గుంజుకుంటుంది. ఎంత మంచివాడి కన్నైనా అంతే. మరి రెండు వరసలకూ తేడా వస్తే? గూడెం చేదినప్పుడల్లా ఊట నిజంగానే నీరసపడితే? ఆ మాట గట్టెక్కి తన నోటితోనే చెప్పాలి. చెప్పాక చెలమలో మొదటి రాయి ఎవరేస్తారు? అమ్మ కుండ చంకన పెట్టుకుని ఎటు పోతుంది? వాగుకే. వాగు అనుకోగానే నాయిన కళ్లముందుకొచ్చాడు. సత్తయ్య. చెలమ లేని రోజుల్లో గూడెమంతా వాగునీళ్లే తాగేది. ఎండాకాలం వాగంటే గుంతలు, గుంతల్లో బర్రెలు. ఒక పొద్దుగాల లేచి, కడుపు పట్టుకుని కూర్చున్నాడు నాయిన. దీపాలు పెట్టే వేళకు పోయాడు. ఆ రోజంతా "సల్లటి నీళ్లు" అని అడుగుతూనే ఉన్నాడు. అమ్మ కుండ తీసుకుని పెద్దబావికి ఉరికింది. బావి మెట్లు ముట్టరాదు. దూరాన నిలబడి, వచ్చే పోయే ఆడవాళ్లను, "అమ్మా, జర ఒక్క చేద పోయండి, మీ కాళ్లు మొక్కుత" అని అడుక్కోవాలి. ఎవరు పోశారో, ఎంతసేపటికి పోశారో గాని అమ్మ తిరిగి వచ్చేసరికి నాయిన అడగడం మానేశాడు. ఆ సంవత్సరమే చిన్నాయన గడ్డపార పట్టి చెలమ తవ్వాడు. ఆ సంవత్సరమే మిషనువాళ్లు దావీదును సూర్యాపేట బోర్డింగు బడికి తీసుకుపోయారు. అక్కడ కుళాయి ఉండేది. తిప్పితే నీళ్లు. మొదటిరోజు తిప్పి, ఆపి, తిప్పి, ఆపి వార్డెను చేత దెబ్బలు తిన్నాడు. నీళ్లు మనిషి ముఖం చూడకుండా రావడం అతను అదే మొదలు చూడటం.

దారం కదిలింది. "వచ్చె... నాలుగున్నర!" ఈసారి కొంచెం ఎక్కువే. ఎందుకు? ఏమీ లేదు, ఊపిరి ఒక్కోసారి నిండుగా వస్తుంది, అంతే. ఒక్క గీతను చూసి మురవడం, ఒక్క గీతను చూసి ఏడవడం, రెండూ వద్దు. మద్రాసు కాలేజీ ల్యాబులో మొదటి నెలంతా ప్రొఫెసరు అయ్యంగారు నేర్పింది ఇదొక్కటే. అక్కడ ఒక పెద్ద గాజుతొట్టి, నిండా కదలని నీళ్లు. తొట్టి గోడకు సన్నటి గొట్టం, గొట్టం వెనక పిచికారీలాంటి యంత్రం. అది నీళ్లను ఆగి ఆగి తోస్తుంది. తోసే నీళ్లలో ఊదారంగు సిరా. అబ్బ, మొదటిసారి చూసినప్పుడు! నీళ్లలో నీళ్లు పువ్వులా విచ్చుకున్నాయి. ప్రతి తోపుకూ ఒక రంగుచుట్ట, చుట్టపొగ ఊదేవాడి నోట్లో నుంచి వచ్చే సున్నాలాగ, తన చుట్టూ తానే తిరుగుతూ ముందుకు పోయి, వెడల్పై, మెత్తబడి, కరిగిపోయేది. దాని వెనక ఇంకొకటి. ఆగి ఆగి వచ్చే ధార ఒకే తీరుగా వచ్చే ధార కంటే చుట్టూ ఉన్న నిలవనీటిని ఎక్కువ కలుపుకుపోతుందని, అది ఎంతో కొలవాలని అయ్యంగారి తపన. సన్నటి గాజుగొట్టాలు ధారలో పట్టుకోవడం, వాటిలో నీటిమట్టం ఎంత లేచిందో చదవడం దావీదు పని. పొద్దంతా వంగి నిలబడి నడుము పడిపోయేది. రాత్రి కళ్లు మూసుకుంటే రెప్పల కింద ఊదాచుట్టలు. అప్పుడు ఒకసారి అనుకున్నాడు, మా ఊరి బావి కూడా ఇట్లనే కదా, అడుగున ఎవరూ చూడకుండా ఇట్లనే విచ్చుకుంటుంది కదా అని. పుట్టి పెరిగిన ఊళ్లో బావి. దాని లోపల ఎట్లా ఉంటుందో సముద్రం ఒడ్డున ఉన్న పట్నంలో గాజుతొట్టిలో చూడాల్సి వచ్చింది.

ఇవాళ చూశాడు. పొద్దున రేకు నిలబెట్టడానికి మునిగినప్పుడు. తను దిగుతానంటే పైన పెద్ద రభస. బావి మైలపడుతుందని నర్సింగరావు ఎగిరాడు. "కలరా మందు ఏస్తనంటున్నడు గద తమ్మీ, గంతకన్న శుద్ధి ఏముంటది?" అన్నాడు షావుకారు. పరిహాసమాడాడో నిజంగానే అన్నాడో ముఖం చూస్తే తెలియలేదు. పోలీసు చర్య అయి ఏడాది తిరగలేదు, కోదాడ రోడ్డు మీద ఇంకా మిలిటరీ లారీలు తిరుగుతున్నాయి, ఎవరిని ఏమంటే ఏమవుతుందో అని ఊరు కూడా మాట ఆచితూచి అంటోంది. అందరూ పక్కకు తప్పుకున్నారు. దావీదు చెప్పులు విడిచి, చొక్కా విప్పి, మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. బండ సల్లగా ఉంది. అంతే. ఏ పిడుగూ పడలేదు. నీళ్లలో మునిగి, గుడ్డలో మూటగట్టిన పర్మాంగనేటు మందు నెర్రె దగ్గర విప్పాడు. గులాబీరంగు నీళ్లు! నెర్రె ఉఫ్ మని ఊదింది, రంగుచుట్ట లేచింది, గాజుతొట్టిలో లేచినట్టే, కాకపోతే ఇది ఎద్దుబండి చక్రమంత. ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండిపోయాడు. గుండె పగిలిపోతుందేమో అనుకున్నాక గాని పైకి రాలేదు. కానీ ఒకటి మాత్రం వింత. చుట్ట తిన్నగా రాలేదు. ఒక పక్కకు ఒరిగింది, నోరు వంకరపోయిన మనిషి ఈల వేసినట్టు.

"వచ్చె... నాలుగు!" ఇక ఎంతసేపు? ఎండ బావి గోడ మీద రెండు వరసల రాళ్లు దిగింది. గువ్వ ఒకటి గూట్లో నుంచి తొంగిచూసి పోయింది. దూరంగా డుగ్గు డుగ్గు డుగ్గు మొదలైంది. షావుకారు బత్తాయితోటలో ఇంజను. పోయినేడు రజాకార్ల భయానికి జగ్గయ్యపేట పారిపోయినవాడు తిరిగి వస్తూ తెచ్చుకున్న ఇంజను, ఆయిలు తాగి వాగు పక్క బావిలో నీళ్లు తోడే ఇంజను. ఊళ్లో మొదటిది. దానికి కుంకుమ పెట్టి దండ వేశారట. డుగ్గు డుగ్గు. దావీదు వేలి కొసన ఏదో తగిలింది. అలల మధ్య, ఊట ఆగి ఉన్నప్పుడు, దారంలో సన్నటి అదురు. టక్, టక్, టక్. ఎర్రపూస వణుకుతోంది. పెద్ద ఊపిరి కాదిది; దాని లోపల ఇంకొక చిన్న కొట్టుకోవడం. ఒళ్లంతా చెవి చేసుకుని విన్నాడు. పైన డుగ్గు డుగ్గు, వేలి మీద టక్ టక్. ఇంజనే! అక్కడ అది ఒక్కో గుక్కకు నీళ్లు గుంజుతుంటే ఇక్కడ ఊట ఉలిక్కిపడుతోంది. కింద రాయి ఒక్కటే, తొర్రలు ఒక్కటే. గంగమ్మ పాలు తాగేది గూడెం పిల్లలు కాదు, షావుకారు బత్తాయిచెట్లు! దావీదు చెంపలు వేడెక్కాయి. మాటలు వాటంతట అవే వరస కట్టుకున్నాయి. షావుకారూ, దొంగ దొరికిండు, మీ తోటలనే ఉన్నడు. అనాలి, గట్టు మీద నిలబడి, అందరూ వినేటట్టు. నర్సింగరావు ముఖం చూడాలి. అమ్మను పక్కన నిలబెట్టుకుని అనాలి. నాయిన వినాలి. ఒక్క చేద నీళ్లకు కాళ్లు మొక్కిన రోజుకు ఇది బదులు. పూడ్చేదేమన్నా ఉంటే అది చెలమ కాదు, ఆ ఇంజను గొట్టం పూడ్చాలి అని అనాలి... ఎంత తియ్యగా ఉన్నాయి ఆ మాటలు! నోట్లో బెల్లం పెట్టుకుని చప్పరించినట్టు వాటిని మళ్లీ మళ్లీ తిప్పుకున్నాడు. పూస వణుకుతూనే ఉంది. టక్ టక్ టక్.

మరీ తియ్యగా ఉన్నాయి. ఆ తీపే అతన్ని ఆపింది. మద్రాసులో ఒకరోజు ఇట్లాగే, గాజుగొట్టంలో మట్టం ఎగిరెగిరి పడుతుంటే ఏదో కొత్తది కనిపెట్టానని దావీదు గంతులు వేశాడు. అయ్యంగారు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని వచ్చి, గొట్టం పట్టుకున్న అతని చెయ్యి తీసి స్టాండుకు బిగించాడు. ఎగరడం ఆగిపోయింది. నీకు నచ్చే సంగతి కనపడితే మొదలు నీ చెయ్యి తీసి చూడు, అన్నాడు. దావీదు తన వేలి వంక చూశాడు. తియ్యకపోతే ఎవరికి తెలుస్తుంది? బావిలో తనొక్కడే. పైనున్న వాళ్లకు దారమేమిటో, రేకు ఏమిటో తెలియదు. తను ఏది చెబితే అది. పైగా ఇంజను నీళ్లు తోడుతున్న మాట అబద్ధం కాదు కదా. తోడుతోంది కదా. గూడెం బతుకుతుంది కదా. వేలు దారాన్ని విడవనంటోంది. అమ్మ ఎగువన చేదుతూ ఉందో, ఆపి నిలబడి ఉందో. అమ్మ ఒక్కమాట అడిగింది పొద్దున, కుండ నెత్తికెత్తుకుంటూ. "నువ్వు చెప్పేది నిజమే ఉంటది గద బిడ్డా?" తను నిజమే చెబుతాడా అని అనుమానపడి కాదు. నిజమంటూ ఒకటి ఉండి, అది తమవాడి నోట్లో నుంచి రాబోతోందని సంబరపడి. దావీదు ఎడమచేత్తో ఒక గులకరాయి ఏరి దారం కొసకు కట్టాడు. మెట్టు పక్క గోడలో దిగిన ఇనపకొక్కెం మీదుగా దారం వేసి, రాయిని వేలాడదీసి, వేలు తీసేశాడు.

పూస నిలిచింది. వణకలేదు. పైన ఇంజను డుగ్గు డుగ్గుమంటూనే ఉంది. పూస మాత్రం ఎండలో గురిగింజలాగ కదలకుండా ఉంది. వేలు మళ్లీ తాకించాడు: టక్ టక్. తీశాడు: ఏమీ లేదు. బొటనవేలితో ఎడమ మణికట్టు నొక్కి చూసుకున్నాడు. టక్ టక్ టక్. అదే పరుగు. తన నాడి! ఇంతసేపూ తను విన్నది తన రక్తాన్ని. కోపంతో కొట్టుకుంటున్న తన గుండెనే పట్టుకుని, బావి గుండె అనుకున్నాడు. ముందు సిగ్గేసింది. తర్వాత నవ్వొచ్చింది, ఒక్కడే కూర్చుని బావిలో నవ్వాడు, నవ్వు గోడలకు తగిలి పదిమంది నవ్వినట్టయింది. పైనుంచి, "ఏమాయెరా?" అని ఎవరో అరిచారు. "ఏం కాలే!" అన్నాడు. బెల్లం కరిగిపోయింది, నాలుక మాత్రం తేలికైంది. పూస మెల్లగా దిగసాగింది, పెద్ద ఊపిరి, అసలు ఊపిరి, ఎవరి కోపమూ లేనిది. "వచ్చె... నాలుగు!"

ఇంకాసేపటికి షావుకారు చాలు రమ్మన్నాడు. దావీదు తడిబట్టలతోనే మెట్లెక్కి గట్టు మీదికొచ్చాడు. ఎండకు కళ్లు చీకట్లు కమ్మాయి. కళ్లు నిలిచాక బండ మీద రెండు వరసల గీతలు కనపడ్డాయి. చేదినప్పటివి, ఆపినప్పటివి. ఒకదాని పక్కన ఒకటి, కవలపిల్లల పలువరసల్లాగా. గూడెంవాళ్లు కూడా ఖాళీకుండలతో దిగి వచ్చి ఎడంగా నిలబడ్డారు. షావుకారు గీతల మీది నుంచి చూపు తిప్పకుండానే, "తేడా లేదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మరి మా ఇంజను?" అన్నాడు.

దావీదు ఉలిక్కిపడ్డాడు. ఈ మాట ఆయన నోటి నుంచే వస్తుందనుకోలేదు. "నాకూ గదే అనుమానమొచ్చింది షావుకారూ. సూసిన. అది మొదలుగాక ముందు గూడ నాలుగే, మొదలైనంక గూడ నాలుగే. ఇంజనుతోని గూడ ఏం లేదు."

"నిజంగనా?"

"లేదు. ఉంటే చెప్పకపోదునా?"

షావుకారు బండ మీద చతికిలబడ్డాడు. "ఇయ్యాల ఇంజను బందువెట్టమని మా తమ్ముడు అన్నడు. పిల్లగాడు దాని మీదికే తెస్తడన్నడు. నేనే నడవనియ్యమన్న. తక్కెడ కింద చెయ్యివెట్టి తూస్తె గది తూకమెట్లయితది?" నర్సింగరావు తల పక్కకు తిప్పుకున్నాడు. షావుకారు మొదటిసారి దావీదు ముఖంలోకి చూశాడు. "నా ఇంజను మీద పెట్టకపోతివి. ఇగ చెలమ మాట గూడ నమ్ముతున్న. చెలమ జోలికి ఎవలు పోవద్దు." ఎడంగా నిలబడ్డ వాళ్లలో ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. "మరి నీళ్లెందుకు తగ్గినట్టు?"

"నెర్రె నోరు సగం పూడింది. మందు ఏసినప్పుడు రంగు పక్కకు ఒరిగింది. చెయ్యివెట్టి సూసిన, రాళ్లు, ఒండ్రు. రజాకార్ల భయానికి ఊరు ఖాళీ అయినప్పటి సంది ఎవలు పూడిక తియ్యలే గద. ఊట బలం ఊటకుంది, బయటికొచ్చే తొవ్వ లేదు. తీసినంక మళ్ల కొలిసి సూడాలె."

పూడిక. ఆ మాట వినగానే అందరి చూపులూ అలవాటుగా లాజరు చిన్నాయన వైపు తిరిగాయి. ఎప్పుడైనా అంతే. పూడిక తీసే రోజు ఒక్కరోజు గూడేనికి బావి మెట్లు తెరుస్తారు. తట్టలు మోసి, బురద ఎత్తి, సాయంత్రానికి బయటపడ్డాక పసుపునీళ్లు చల్లి మళ్లీ మూస్తారు. దావీదు నోరు తెరవబోయాడు. అంతలో అమ్మ ముందుకొచ్చింది. అచ్చమ్మ ఎత్తు మనిషి కాదు, గొంతు పెద్దది కాదు.

"తీస్తం షావుకారూ. తట్టలు మాయే, రెక్కలు మాయే. గని, పూడిక తియ్య దిగిన మెట్లు నీళ్లు ముంచుకోను గూడ దిగుతం."

"ఏందే అచ్చమ్మా, గంత మాట?" అన్నాడు నర్సింగరావు.

"చెలమ పూడుస్తమన్ననాడు మీది గింత మాటేనా అయ్యా? నా కొడుకు ఇప్పుడే దిగొచ్చిండు. బావి ఏడికి పోలే, గీడనే ఉంది."

షావుకారు మళ్లీ గీతల వైపు వంగాడు. బండ మీది గీతలను అరచేత్తో తుడుస్తున్నవాడు మధ్యలో ఆగి, తుడవడం మానేశాడు. "పూడిక తీసినంక సూద్దంతియ్" అన్నాడు.

"ఇయ్యాల తాగి, రేపు తట్ట పట్టుకుంటం" అంది అమ్మ.

గట్టు మీద ఎవరో గొణిగారు. ఎవరో వద్దన్నట్టు చెయ్యి ఊపారు. షావుకారు మోకాళ్ల మీద చేతులాన్చి లేచాడు. ఆయన నిలబడ్డది సరిగ్గా మెట్ల మొదట్లో. దావీదు ఊపిరి బిగబట్టాడు, పొద్దున నీళ్ల అడుగున బిగబట్టినట్టు. షావుకారు కండువా భుజం మీద వేసుకుని, చెప్పులు వెతుక్కుంటున్నవాడిలా రెండడుగులు పక్కకు జరిగాడు.

అమ్మ కుండ చంకకు మార్చుకుంది. మొదటి మెట్టు మీద కాలు పెట్టి, బండను వేళ్లతో తడిమి చూసుకుంది. దావీదు చెయ్యి చాచాడు. "మూడో మెట్టు జారుతదమ్మా, నన్ను పట్టుకో."

"వద్దు బిడ్డా, నేనే దిగుత" అంది అచ్చమ్మ. ఆమె వెనక మరియమ్మ చిన్నమ్మ ఒక్క క్షణం తటపటాయించి, పైట నడుములో దోపుకుని, తన కుండ ఎత్తుకుంది.